కలైకుండ ఎండలో కంప్యూటర్ పెట్టె

ఖరగ్‌పూర్ న్యూ సెటిల్‌మెంట్‌లో మే నెల మధ్యాహ్నం పూట కూడా డెస్క్‌టాప్ తడబడకుండా నడవాలంటే ఏ ఫ్యాన్ కొనాలి, ఏ హీట్‌సింక్ పెట్టాలి, ఎక్కడ డబ్బు పెట్టకూడదు?

2024 ఏప్రిల్ 30న కలైకుండలో 47.2 డిగ్రీల ఉష్ణోగ్రత నమోదైంది. ఆ రోజుల్లో అక్కడ మామూలుగా ఉండాల్సిన ఎండ కంటే అది పది డిగ్రీలు ఎక్కువ. కలైకుండ వైమానిక స్థావరం ఖరగ్‌పూర్ పక్కనే ఉంది. ఇక్కడి ఎర్ర కంకర నేల, ఊరంతా పరుచుకున్న పట్టాలు పొద్దున తొమ్మిదికే కాలిపోతాయి. రాత్రి పదైనా గోడలు సెగలు కక్కుతూనే ఉంటాయి. న్యూ సెటిల్‌మెంట్ రైల్వే క్వార్టర్లలో ఏసీ ఉన్న ఇళ్లున్నాయి, లేని ఇళ్లూ ఉన్నాయి. ఏసీ ఉన్నచోట కూడా అది పడకగదిలో ఉంటుంది. కంప్యూటర్ మాత్రం వసారాలోనో, ముందు గదిలో కిటికీ పక్కనో ఉంటుంది. అంటే అది నడిచేది ఇంట్లోకెల్లా వేడిగా ఉన్న చోట.

శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపు నుంచి బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల్లో ఇక్కడికొచ్చిన కుటుంబాల మూడో తరం, నాలుగో తరం పిల్లలు ఇప్పుడు ఆ కంప్యూటర్ ముందు కూర్చుంటున్నారు. రైల్వే బోర్డు పరీక్షలకు చదివేవాళ్లు, వీడియోలు ఎడిట్ చేసేవాళ్లు, ప్రోగ్రామింగ్ నేర్చుకునేవాళ్లు, ఆటలాడేవాళ్లు. మధ్యాహ్నం రెండింటికి ఫ్యాన్ గోల మొదలవుతుంది. మంచం మీద నుంచి పెద్దాయన ‘‘ఏట్రా, ఆ పెట్టి అలగ కూతెడతంది?’’ అంటారు. ‘‘ఏడెక్కిపోతంది తాతా’’ అంటాడు మనవడు. ఆ తర్వాత అందరూ చేసే పనే చేస్తాడు. పక్క తలుపు ఊడదీసి, టేబుల్ ఫ్యాన్ తిప్పి పెడతాడు.

ఈ ఇంటికి పదివేల రూపాయల లిక్విడ్ కూలర్ అక్కర్లేదు. రంగు లైట్ల ఫ్యాన్లు అసలే అక్కర్లేదు. రెండు మూడు వేల లోపు పని అయిపోతుంది. కాకపోతే ఎండకు తగ్గట్టు లెక్క వేసి కొనాలి. ఆ లెక్క ఎవరూ కష్టపడి నేర్చుకోవాల్సిందీ కాదు, ఒక కూడిక, ఒక గుణకారం.

గది వేడితో మొదలయ్యే లెక్క

ప్రాసెసర్ తాగిన కరెంటంతా చివరికి వేడిగానే బయటికొస్తుంది. 65 వాట్లు తాగితే 65 వాట్ల వేడి. ఆ వేడిని హీట్‌సింక్ తన రేకుల్లోకి పరుస్తుంది, ఫ్యాన్ ఆ రేకుల మధ్య గాలి తోలుతుంది, గాలి దాన్ని గదిలోకి మోసుకుపోతుంది. ఈ మొత్తం దారి వేడిని ఎంత అడ్డుకుంటుందో ఒక్క అంకెలో చెప్పొచ్చు. ఒక్కో వాట్‌కి ఎన్ని డిగ్రీలు పెరుగుతుంది అన్నదే ఆ అంకె.

వాట్‌కి అర డిగ్రీ పెంచే మామూలు కూలర్ అనుకుందాం. 65 వాట్లకు ముప్ఫై రెండున్నర డిగ్రీలు పెరుగుతుంది. గది 25 డిగ్రీల్లో ఉంటే ప్రాసెసర్ 57 దాటి ఆగుతుంది. ఏ ఇబ్బందీ లేదు. గది 42లో ఉండి, క్యాబినెట్ లోపలి గాలి ఇంకో 8 డిగ్రీలు వేడెక్కి ఉంటే అదే ప్రాసెసర్ 82 దాటుతుంది. ఇది కూడా ఫర్వాలేదు. చిక్కు ఇక్కడి నుంచి మొదలవుతుంది. ఇంటెల్ కోర్ ఐ5-12400 ప్రాసెసర్‌కి పెట్టె మీద రాసేది 65 వాట్లే గానీ, జోరుగా పనిచేసేటప్పుడు అది 117 వాట్ల దాకా తాగగలదు. 117ని అర డిగ్రీతో హెచ్చవేస్తే యాభై ఎనిమిదిన్నర. దానికి గది 42, పెట్టె 8 కలిపితే నూట ఎనిమిదిన్నర. ఆ ప్రాసెసర్ హద్దు నూరు డిగ్రీలు. నూరు దగ్గరికి రాగానే అది తన వేగం తానే తగ్గించుకుంటుంది. కాలిపోదు, పాడైపోదు, నెమ్మదిస్తుంది. పదిహేను నిమిషాల్లో అయ్యే వీడియో ఇరవై నిమిషాలు నానుతున్నా, ఆట మధ్యలో బొమ్మ గుక్కతిప్పుకోలేకపోతున్నా చాలాసార్లు కారణం ఇదే. ఏఎండీ రైజెన్ 5 5600కైతే హద్దు 90 డిగ్రీలే.

ఇప్పుడు అదే చోట వాట్‌కి 0.3 డిగ్రీ పెంచే టవర్ కూలర్ పెడితే పెరుగుదల 35 డిగ్రీలు. మొత్తం 85. అంతే తేడా. ఆ తేడాకి ధర రెండు వేల రూపాయలకు అటూ ఇటూ.

కూలర్ల మీద అచ్చయ్యే అంకెలన్నీ 20, 25 డిగ్రీల గదుల్లో కొలిచినవి. న్యూ సెటిల్‌మెంట్‌లో వాటికి పదిహేను, ఇరవై డిగ్రీలు కలిపి చదువుకోవాలి. గాలితో చల్లబరిచే ఏ పరికరమూ, అది ఎంత ఖరీదైనదైనా, ప్రాసెసర్‌ని గది కంటే చల్లగా ఉంచలేదు. లిక్విడ్ కూలర్‌ అయినా అంతే. నీళ్లు వేడిని పెట్టె అంచు దాకా మోస్తాయి, అక్కడి నుంచి మళ్లీ రేడియేటరూ ఫ్యానే, మళ్లీ అదే గది గాలి. పైగా అందులో పంపు ఒకటి ఉంటుంది, ఏదో ఒక రోజు ఆగిపోయేది. అంత డబ్బు దానికి పెట్టే బదులు ర్యామ్ కొనుక్కోమని ఎవరికైనా చెబుతాను.

షెడ్డు వాళ్లకు తెలిసిన విద్య

ఇక్కడ పెద్దవాళ్లలో ఎంతోమంది వర్క్‌షాపులోనో, లోకో షెడ్డులోనో పనిచేసి రిటైరైనవాళ్లు. వాళ్లకు ఈ విద్యలో కొత్తేమీ లేదు. పాత డబ్ల్యూడీఎం డీజిల్ ఇంజిన్‌లో రేడియేటర్ ఫ్యాన్ ఎప్పుడూ ఒకే జోరులో తిరిగేది కాదు. ఇంజిన్ నీళ్ల వేడిని స్విచ్‌లు కనిపెట్టి, ఎడ్డీ కరెంట్ క్లచ్ ద్వారా దాన్ని మొదట నెమ్మదిగా, వేడి పెరిగితే పూర్తి వేగంతో తిప్పేవి. నేటి ఎలక్ట్రిక్ ఇంజిన్‌లలో ట్రాన్స్‌ఫార్మర్ నూనెని చల్లబరచడానికి, మోటార్లకు గాలి తోలడానికి వేర్వేరు బ్లోయర్లున్నాయి. రేడియేటర్ రేకుల్లో దుమ్ము పట్టేస్తే ఫ్యాన్ ఎంత తిరిగినా ఇంజిన్ వేడెక్కుతుందని షెడ్డులో ఏ ఫిట్టర్‌నడిగినా చెబుతాడు. కంప్యూటర్ పెట్టెలో ఉన్నది అదే రేడియేటరు, అదే ఫ్యాను, అదే దుమ్ము. అందుకే ఈ కథనం చదివి కొనడానికి బయల్దేరే కుర్రాళ్లు ఇంట్లో తాతను కూడా ఒక మాట అడగడం మంచిది.

ముందు పెద్దగా ఖర్చులేని పనులు

ఖరగ్‌పూర్ దుమ్ము ఎర్రగా, సన్నగా ఉంటుంది. వానాకాలపు చెమ్మతో కలిస్తే రేకుల మధ్య గట్టిపడిపోతుంది. నాలుగేళ్లుగా తెరవని పెట్టెలో హీట్‌సింక్ రేకులు కనిపించవు, వాటి స్థానంలో ఎర్రటి దళసరి పొర ఉంటుంది. దాన్ని మెత్తటి బ్రష్‌తోనో, బ్లోయర్‌తోనో శుభ్రం చేస్తే చాలు, చాలా పెట్టెలు మళ్లీ నిశ్శబ్దంగా నడుస్తాయి. బ్లోయర్ పెట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కని వేలితో ఆపి పట్టుకోవాలి. లేకపోతే అది తన హద్దు మించిన వేగంతో తిరిగి బేరింగ్ పాడవుతుంది. ఎస్‌ఎంపీఎస్ (పెట్టెలో కరెంటు సరఫరా చేసే డబ్బా) జాలీని బయటి నుంచే ఊదాలి, దాన్ని మాత్రం ఇంట్లో విప్పకూడదు. ప్లగ్ తీసేశాక కూడా అందులో ప్రాణం తీసేంత కరెంటు నిలవ ఉంటుంది.

ఆ తర్వాత పేస్ట్. ప్రాసెసర్ మూత, హీట్‌సింక్ అడుగు కంటికి నున్నగానే కనిపిస్తాయి గానీ రెండింటి మధ్యా సూక్ష్మమైన గుంటలుంటాయి, వాటిలో గాలి ఉంటుంది. రాగి వేడిని దాదాపు 400 యూనిట్ల లెక్కన మోస్తే, గాలి మోసేది 0.026 మాత్రమే. పేస్ట్ ఆ గుంటలను నింపడానికే. కంపెనీ కూలర్‌కి ముందే రాసి వచ్చే బూడిద రంగు పేస్ట్ కొన్నేళ్లకు పెళుసుగా ఎండిపోతుంది. పాతది ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో పూర్తిగా తుడిచి, బఠానీ గింజంత కొత్త పేస్ట్ మధ్యలో పెట్టి, హీట్‌సింక్ బిగించాలి. మూడు నాలుగు వందల రూపాయల చిన్న సిరంజి రెండు మూడు సార్లకు వస్తుంది. వెండి, వజ్రం పేర్లు చెప్పి అమ్మే ఖరీదైన పేస్ట్‌కీ మంచి మామూలు పేస్ట్‌కీ ఇలాంటి ప్రాసెసర్లలో తేడా రెండు మూడు డిగ్రీలకు మించదు.

ఏఎండీ ఏఎం4 బోర్డు ఉన్నవాళ్లకు ఒక హెచ్చరిక. చల్లగా ఉన్నప్పుడు కూలర్‌ని నిలువునా లాగితే ఎండిన పేస్ట్‌కి అంటుకుని ప్రాసెసర్ సాకెట్‌లోంచి ఊడి వచ్చేస్తుంది, పిన్నులు వంగుతాయి. ముందు కంప్యూటర్‌ని పదిహేను నిమిషాలు బాగా పని చేయించి, ఆపి, పేస్ట్ మెత్తగా ఉండగానే కూలర్‌ని కొంచెం అటూ ఇటూ మెలితిప్పి పైకి తీయాలి.

మూడో పని బయాస్‌లో. చాలా బోర్డుల్లో ప్రాసెసర్ తాగే కరెంటుకి హద్దు పెట్టే వీలుంటుంది. ఐ5-12400ని 65 వాట్లకు కట్టేస్తే మామూలు పనుల్లో తేడా తెలియదు, బాగా బరువైన పనుల్లో వేగం కొంత తగ్గుతుంది, వేడి మాత్రం బాగా తగ్గుతుంది. రైజెన్ వాళ్లకు దీన్నే ఎకో మోడ్ అంటారు. ఏప్రిల్ నుంచి జూన్ దాకా హద్దు పెట్టి, చలికాలంలో తీసేయవచ్చు. ఇంత మంచి ఉపాయాన్ని అమ్మే దుకాణం లేదు కాబట్టి దీని గురించి ఎవరూ చెప్పరు.

గాలి దారి

పక్క తలుపు తీసి టేబుల్ ఫ్యాన్ పెట్టడం ఒక పూటకి పనికొస్తుంది. రోజూ అలాగే ఉంచితే దుమ్ము నేరుగా బోర్డు మీద పడుతుంది, బల్లులూ బొద్దింకలూ చేరతాయి, ముందు నుంచి వెనక్కి పోవాల్సిన గాలి దారి తప్పుతుంది.

ఎంత గాలి కావాలో కూడా లెక్కేయవచ్చు. మొత్తం పెట్టె 200 వాట్ల వేడి పుట్టిస్తుందనుకుందాం. లోపలి గాలి గది కంటే పది డిగ్రీల కంటే ఎక్కువ వేడెక్కకూడదంటే నిమిషానికి ఒక ఘనపు మీటరు గాలి పెట్టెలోంచి ప్రవహించాలి. ఫ్యాన్ల భాషలో అది 35 సీఎఫ్ఎం, అంటే నిమిషానికి 35 ఘనపు అడుగులు. 120 మిల్లీమీటర్ల మంచి ఫ్యాన్ మీద 50, 60 సీఎఫ్ఎం అని రాసి ఉంటుంది. అది ఏ అడ్డూ లేని చోట కొలిచిన అంకె. జాలీ, వైర్లు, దుమ్ము కలిస్తే సగం మిగులుతుందనుకోవాలి. కాబట్టి వెనక ఒకటి బయటికి తోలేది, ముందు ఒకటి లోపలికి పీల్చేది, రెండు చాలు. గ్రాఫిక్స్ కార్డు ఉంటే ముందు ఇంకొకటి. ఆరు ఫ్యాన్లు పెట్టుకునే క్యాబినెట్‌లో ఆరూ నింపాల్సిన పనిలేదు. ఒక్కటే కొనగలిగితే వెనక పెట్టండి.

ఇదంతా క్యాబినెట్ ముందు భాగం గాలి పీల్చుకునేలా ఉంటేనే. ముందంతా అద్దంతో మూసేసిన క్యాబినెట్లు చూడ్డానికి బాగుంటాయి, ఖరగ్‌పూర్ మే నెలకు పనికిరావు. జాలీ ముఖం ఉన్నదే కొనాలి. దాని వెనక పల్చటి నైలాన్ జాలీ ఒకటి తగిలించుకుంటే ఎర్ర దుమ్ములో చాలా భాగం అక్కడే ఆగుతుంది. దాన్ని రెండు వారాలకోసారి కడిగి ఆరబెట్టుకోవచ్చు. పెట్టెని గోడకి జానెడు ఎడంగా, నేల మీద కాకుండా చిన్న పీట మీద పెట్టాలి. బల్ల కింద మూసిన అరలో పెట్టిన పెట్టెకు ఎన్ని ఫ్యాన్లు బిగించినా అవి తాము వదిలిన వేడి గాలినే మళ్లీ పీలుస్తుంటాయి.

ఫ్యాన్ ఎంచుకోవడం

ఫ్యాన్ విషయంలో ఒక సూత్రం గుర్తుంటే చాలు. వేగం రెట్టింపైతే గాలి రెట్టింపవుతుంది, మోటారు తాగే కరెంటు ఎనిమిది రెట్లవుతుంది, చప్పుడు పదిహేను డెసిబెల్స్ దాకా పెరుగుతుంది. అదే వేగంతో తిరిగే ఫ్యాన్ ఇంకొకటి చేరిస్తే చప్పుడు పెరిగేది మూడు డెసిబెల్స్ మాత్రమే. అందుకే చిన్న ఫ్యాన్‌ని గింగిరాలు తిప్పడం కంటే పెద్ద ఫ్యాన్‌ని నెమ్మదిగా తిప్పడం మేలు. క్యాబినెట్‌లో చోటుంటే 80 మిల్లీమీటర్లది కాదు, 120ది కొనండి. అన్నిటికంటే ఎక్కువ తయారయ్యేది ఆ సైజే కాబట్టి ధర కూడా తక్కువే.

రెండోది, నాలుగు పిన్నుల ఫ్యాన్ అడగాలి. మూడు పిన్నుల ఫ్యాన్‌ని బోర్డు వోల్టేజి తగ్గించి నెమ్మది చేస్తుంది. నాలుగో తీగ ఉంటే వేగాన్ని ప్రాసెసర్ వేడిని బట్టి సన్నగా హెచ్చుతగ్గులు చేయవచ్చు. నేరుగా ఎస్‌ఎంపీఎస్ వైరుకి తగిలించే రంగు లైట్ల ఫ్యాన్లు మూడింటి కట్ట వెయ్యి రూపాయలకు దొరుకుతుంది. అవి ఎండాకాలం, చలికాలం, పగలు, రాత్రి ఒకే వేగంతో తిరిగి త్వరగా అరిగిపోతాయి. ఆ వెయ్యికి లైట్లు లేని మంచి ఫ్యాన్ ఒకటి, కొంచెం వెతికితే రెండు వస్తాయి. ఆర్కిటిక్ పీ12 లాంటివి ఈ తరగతిలో ఏళ్లుగా నమ్మకంగా నిలిచాయి. డీప్‌కూల్, కూలర్ మాస్టర్‌లలో కూడా లైట్లు లేని రకాలున్నాయి, దుకాణదారు వాటిని అడిగితే తప్ప చూపించడు.

మూడోది బేరింగ్. అన్నిటికంటే చవకైనవి స్లీవ్ బేరింగ్‌వి. వాటి నూనె వేడికి ఆరిపోతుంది, క్యాబినెట్ పైకప్పున పడుకోబెట్టినట్టు బిగిస్తే ఇంకా త్వరగా అరుగుతాయి. వంద రూపాయలు ఎక్కువైనా ఫ్లూయిడ్ డైనమిక్ లేదా రైఫిల్ బేరింగ్ అని రాసి ఉన్నది తీసుకోవాలి.

హీట్‌సింక్ ఎంచుకోవడం

ప్రాసెసర్‌తో పాటు ఉచితంగా వచ్చే కూలర్‌ని తక్కువ చేయకూడదు. కోర్ ఐ3-12100 లాంటి చిన్న ప్రాసెసర్‌కి అది చాలు, మే నెలలో కూడా. రైజెన్ 5 5600తో వచ్చే రేత్ స్టెల్త్ పొట్టిగా, మొత్తం అల్యూమినియంతో ఉంటుంది. 25 డిగ్రీల గదికి సరిపోతుంది, ఇక్కడి ఎండకు ఆపసోపాలు పడుతుంది. మార్చాల్సినవి అలాంటివి.

మార్చేటప్పుడు వెతకాల్సింది హీట్ పైపులున్న టవర్ కూలర్. ఆ రాగి గొట్టాలు గట్టి కడ్డీలు కావు. లోపల గాలి తీసేసి, కొద్దిగా నీళ్లు పోసి మూసేసిన గొట్టాలు. ప్రాసెసర్ వైపు నీళ్లు ఆవిరై, పైన రేకుల దగ్గర చల్లబడి మళ్లీ నీరై, గొట్టం లోపలి పొరలోని సన్నటి రంధ్రాల వెంట కిందికి తిరిగొస్తాయి. 1963లో అమెరికాలోని లాస్ అలమోస్ ప్రయోగశాలలో జార్జ్ గ్రోవర్ ఈ పరికరానికి రూపమిచ్చినప్పుడు దృష్టి అంతరిక్ష నౌకల మీద ఉంది. అదే ఇవాళ రెండు వేల రూపాయల వస్తువులో నాలుగు గొట్టాలుగా దొరుకుతోంది. ఈ విషయం తెలిసినప్పటి నుంచి ఆ చవక కూలర్ అంటే నాకు గౌరవం పెరిగింది.

నాలుగు హీట్ పైపులు, 120 మిల్లీమీటర్ల ఫ్యాన్. ఈ కొలతకి తగినవి డీప్‌కూల్ ఏజీ400, కూలర్ మాస్టర్ హైపర్ 212, థర్మల్‌రైట్ అసాసిన్ ఎక్స్ 120. వీటిలో ఆ రోజు ఏది తక్కువకి దొరికితే అది. వీటి మధ్య ఉన్న రెండు డిగ్రీల తేడా కోసం ఐదు వందలు ఎక్కువ పెట్టనక్కర్లేదు. కొనే ముందు రెండు కొలతలు చూసుకోవాలి. మొదటిది ఎత్తు. ఈ కూలర్లు దాదాపు 150 మిల్లీమీటర్లు, కొన్ని అంతకు పైన ఉంటాయి. సన్నటి క్యాబినెట్ తలుపు మూసుకోదు. రెండోది సాకెట్. ఇంటెల్ 12వ తరం నుంచి ఎల్‌జీఏ1700 సాకెట్‌లో స్క్రూ రంధ్రాల ఎడం 75 నుంచి 78 మిల్లీమీటర్లకు మారింది. పాత కూలర్‌కి కొత్త బిగింపు విడిగా కావాలి. ఏఎండీలో ఏఎం4 కూలర్లు చాలావరకు ఏఎం5కి పనికొస్తాయి, బోర్డుతో వచ్చిన వెనక పట్టీకే బిగించే రకమైతే. హీట్‌సింక్ అడుగున పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ స్టిక్కర్ తీయడం ఎంతోమంది మర్చిపోతారు. అది ఉంటే ఎంత గొప్ప కూలరైనా దండగ.

ఆఫీసుల నుంచి బయటికొచ్చే పాత డెల్, హెచ్‌పీ పెట్టెలు కొనేవాళ్లు మాత్రం ఈ జాబితా జేబులో పెట్టుకుని వెళ్లొద్దు. వాటిలో చాలావాటికి ఫ్యాన్ పిన్ను, స్క్రూ రంధ్రాలు కంపెనీ సొంత కొలతల్లో ఉంటాయి, బయటి కూలర్ కూర్చోదు. వాటికి శుభ్రం చేయడం, పేస్ట్ మార్చడం, అంతే.

కొనే చోటు గురించి ఒక మాట. ఖరగ్‌పూర్ గోల్ బజార్ దుకాణాల్లో పేస్ట్, మామూలు ఫ్యాన్లు దొరుకుతాయి. కావలసిన మోడల్ చేత్తో చూసి కొనాలంటే హౌరా లోకల్ ఎక్కి కోల్‌కతా చాందినీ చౌక్ వెళ్లిరావచ్చు. అక్కడ నాలుగు దుకాణాలు అడిగాకే జేబులో చెయ్యి పెట్టాలి. బిల్లు తీసుకోవాలి, వారంటీ దాని మీదే ఉంటుంది. వాడిన ఫ్యాన్లు ఎంత చవకైనా వద్దు. వాడిన హీట్‌సింక్ మాత్రం నిక్షేపంగా కొనవచ్చు, గొట్టాలు వంగకుండా, బిగించే సామానంతా ఉంటే. రాగికి, అల్యూమినియానికి అరుగుదల లేదు.

వేడితో తంటా ఇంటి పెట్టెలకే కాదు. హిజ్లీ వైపు, ఐఐటీ ప్రాంగణంలో పరమ్ శక్తి అనే సూపర్ కంప్యూటర్ ఉంది. 2022 మార్చి 27న ప్రారంభమైంది. 17,680 ప్రాసెసర్ కోర్‌లు, 44 గ్రాఫిక్స్ ప్రాసెసర్లు. దాన్ని చల్లబరచడానికి రాక్ వెనక తలుపులోనే చల్లటి నీళ్ల గొట్టాలు అమర్చారు. వేడి గాలి గదిలోకి రాకముందే అక్కడ చల్లబడిపోతుంది. అంత పెద్ద యంత్రంలోనూ ఇంజినీర్లు ముందుగా చూసుకున్నది వేడి గాలి ఎటు పోతుందన్నదే. న్యూ సెటిల్‌మెంట్ ముందు గదిలో 200 వాట్ల పెట్టె కూడా ఇద్దరు మనుషులు కూర్చున్నంత వేడిని గదిలోకి వదులుతుంది. ఆ గాలి కిటికీ వైపు పోయేలా పెట్టె వీపుని అటు తిప్పి పెట్టడానికి ఖర్చేమీ లేదు, గదిలో కూర్చున్నవాళ్లకూ కొంచెం ఊపిరాడుతుంది.

కొనాలా వద్దా అన్నది చివరికి తేల్చాల్సింది ఒక మధ్యాహ్నం. దుమ్ము దులిపి, పేస్ట్ మార్చాక, మే నెలలో రెండు గంటల వేళ, రోజూ చేసే పనుల్లో అన్నిటికంటే బరువైనది అరగంట నడపండి. హెచ్‌డబ్ల్యూఇన్ఫో లాంటి ఉచిత ప్రోగ్రామ్‌లో ప్రాసెసర్ వేడి, వేగం రెండూ చూడండి. వేడి 85 లోపే ఉండి వేగం తగ్గకపోతే ఉన్న కూలర్‌నే ఉంచండి. వేడి 85 దాటినా, వేగం తగ్గినా మొదట వెనక వైపుకి ఫ్యాన్ ఒకటి కొని మళ్లీ అరగంట నడపండి. అప్పటికీ తగ్గకపోతేనే టవర్ కూలర్‌.